తామర తొట్టి, పూల పందిరి, సంపెంగ చెట్టు: ఏళ్ల తరబడి మిగిలిపోయిన కోరికలను పెరట్లోకి తెచ్చుకోవడం ఎలా

మొక్కలు పెంచేవాళ్లు నలుగురు ఒకచోట చేరితే ఉన్న మొక్కల గురించి మాట్లాడుకునేది కొద్దిసేపే. ఆ తరువాత మాట లేనివాటి మీదికి మళ్లుతుంది. ఒకరు తామర కొలను అంటారు. ఇంకొకరు అమ్మమ్మగారింట్లో ఉండిన సన్నజాజి పందిరిని తలుచుకుంటారు. సంపెంగ పెంచాలని పెళ్లయిన నాటి నుంచి అనుకుంటున్నానని మరొకరు చెబుతారు. నీరు, నీడ, వాసన: నేను విన్న కోరికలన్నీ దాదాపు ఈ మూడింటి చుట్టూనే తిరుగుతాయి.

ఇవి తీరకపోవడానికి స్థలం చాలకపోవడమే కారణమని చాలామంది అనుకుంటారు. నేను చూసినంతలో అసలు కారణం వేరు. నర్సరీలో మొక్క కంటికి నచ్చగానే ముందు దాన్ని కొంటాం, ఇంటికి వచ్చాక చోటు వెతుకుతాం. ఈ వరుసను తిరగేసి చూడండి. మీ చోటు ఎలాంటిదో ముందు తెలుసుకుని, దానికి తగిన కోరికను ఎంచుకుంటే రెండు గదుల ఇంటి డాబా మీద కూడా తామర పూస్తుంది.

ముందుగా ఎండ లెక్క

ఒక సెలవు రోజున కాగితం మీద మీ పెరడు లేదా డాబా బొమ్మ గీసుకోండి. ఉదయం ఎనిమిది గంటలకు, పదికి, పన్నెండుకు, రెండింటికి, నాలుగింటికి బయటికి వెళ్లి ఎండ పడుతున్న చోట్లను గుర్తు పెట్టండి. సాయంత్రానికి ఏ మూలకు ఎన్ని గంటల ఎండ అందుతుందో మీకే తెలుస్తుంది. ఆరు గంటలు, అంతకు మించి ఎండ తగిలే చోటు తామరకు, మల్లెకు. నాలుగైదు గంటలు పడే చోటు కలువకు. ఉదయపు ఎండ పడి, మధ్యాహ్నం తరువాత నీడపట్టుగా ఉండే చోటు లేత సంపెంగకు.

ఈ లెక్కను ఒక్కసారి రాసుకుని వదిలేయకండి. మన ప్రాంతంలో మే చివర, జూన్ నెలల్లో సూర్యుడు నడినెత్తి దాటి కాస్త ఉత్తరానికి కూడా జరుగుతాడు. డిసెంబరులో బాగా దక్షిణానికి వాలుతాడు. హైదరాబాదులో 30 అడుగుల ఎత్తున్న ఇంటి నీడ డిసెంబరు మిట్టమధ్యాహ్నం వేళ ఉత్తరం వైపు సుమారు 26 అడుగుల దూరం పడుతుంది. అంటే వేసవిలో మండిపోయే ఉత్తరపు పెరడు చలికాలంలో రోజంతా నీడలోనే ఉండవచ్చు. మేలో ఎండ చూసి సంబరపడి నాటిన మొక్క జనవరిలో ఎందుకు ముడుచుకుపోయిందో అర్థం కాక తలపట్టుకునేవాళ్లను చాలామందిని చూశాను.

నా మొదటి తామరను నేను మామిడి చెట్టు పక్కన, నూతి గట్టు దగ్గర పెట్టాను. అక్కడ ఉంటే చూడముచ్చటగా ఉంటుందనే తప్ప వేరే ఆలోచన లేదు. రెండేళ్లు ఆకులు పుష్కలంగా వచ్చాయి, మొగ్గ మాత్రం ఒక్కటీ రాలేదు. మట్టి మార్చాను, ఎరువు మార్చాను. చివరికి ఒక సెలవు రోజు కూర్చుని లెక్కపెడితే ఆ మూలకు రోజుకు మూడు గంటల ఎండ కూడా పడటం లేదని తేలింది. మూడో ఏడు దుంపను డాబా మీది తొట్టిలోకి మార్చాక అదే తామర పూసింది.

తామరా, కలువా?

ముందు ఈ రెండింటినీ వేరుచేసి గుర్తుపట్టడం నేర్చుకోండి. చాలా చోట్ల ఒకటి అడిగితే ఇంకొకటి చేతిలో పెడతారు. తామరాకు నిండు గుండ్రం, అంచున చీలిక ఉండదు, తూడు సరిగ్గా ఆకు నడిమిన అతుక్కుని ఉంటుంది. మొక్క ముదిరాక ఆకులు నీటిని వదిలి పైకి లేచి నిలబడతాయి. నీటిబొట్టు వాటి మీద ముత్యంలా జారుతుంది తప్ప అంటుకోదు. కలువాకు నీటి మీదే పరుచుకుని తేలుతుంది. దానికి అంచు నుంచి తూడు దాకా ఒక చీలిక ఉంటుంది.

పూసే వేళలు కూడా వేరు. తామర ఉదయం విప్పుకుని మధ్యాహ్నానికి ముడుచుకోవడం మొదలుపెడుతుంది. ఒక పువ్వు మూడు నాలుగు రోజులు అలా విప్పుకుంటూ ముడుచుకుంటూ ఉండి ఆ పైన రేకులు రాలుస్తుంది. కలువల్లో పగలు పూసేవి, రాత్రి పూసేవి రెండూ ఉన్నాయి. ఎర్ర కలువ చీకటి పడే వేళకు విప్పుకుని మరునాటి పొద్దెక్కేదాకా ఉంటుంది. తామరకు సూర్యుడితో, కలువకు చంద్రుడితో మన కవులు చుట్టరికం కలిపింది ఊరికే కాదు, చెరువు గట్టున నిలబడి చూసి చెప్పిన మాట అది.

అందుకే ఉదయం ఏడింటికి ఇల్లు వదిలి రాత్రికి తిరిగి వచ్చే ఉద్యోగులకు నేను తామర చెప్పను, ఎర్ర కలువ చెబుతాను. పూసిన పువ్వును చూసుకునే తీరిక కూడా తోటలో భాగమే. పైగా కలువకు చిన్న తొట్టి చాలు, ఎండ కాస్త తగ్గినా సర్దుకుంటుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు రాష్ట్ర పుష్పం కలువే. 2018లో ఆంధ్రప్రదేశ్ మల్లెను ఎంచుకుంది, తెలంగాణకు తంగేడు. మన చెరువుల నిండా ఉండిన ఆ పువ్వు ఇప్పుడు తొట్లలోకి వచ్చి బతుకుతోంది. అలాగైనా బతకనిద్దాం.

తొట్టి, బరువు, మట్టి

తామరకు అడుగున చిల్లు లేని, వెడల్పాటి గుండ్రటి తొట్టి కావాలి. తామర దుంప మట్టిలో అడ్డంగా పాకుతూ పెరుగుతుంది. చతురస్రపు తొట్టిలో దాని కొన మూలకు వెళ్లి ఇరుక్కుంటుంది. గుండ్రటి తొట్టిలో గోడ వెంట తిరుగుతూ పోతుంది. రెండడుగుల వెడల్పు, అడుగు లోతు ఉంటే పొట్టి రకాలకు హాయిగా సరిపోతుంది. చెరువుల్లో కనిపించే నాటు తామరకు మూడడుగుల తొట్టి అయినా పెట్టాలి, లేకపోతే ఆకులతోనే సరిపెడుతుంది. కలువకు అడుగున్నర వెడల్పు చాలు.

డాబా మీద పెట్టేవాళ్లు బరువు లెక్క వేయకుండా ముందుకు వెళ్లకండి. లీటరు నీరు కిలో బరువు. రెండడుగుల వెడల్పు, అడుగు లోతు ఉన్న తొట్టిలో సుమారు 85 లీటర్లు పడుతుంది. అందులో మూడో వంతు తడి మట్టి అనుకుంటే తొట్టితో కలిపి బరువు నూరు కిలోలు దాటిపోతుంది. ఇలాంటి తొట్టిని శ్లాబు నడిమిన పెట్టకూడదు. కింద గోడ గానీ దూలం గానీ ఉన్న చోట, పిట్టగోడకు దగ్గరగా పెట్టండి. పాత ఇల్లయితే ఇంజినీరును అడిగాకే పెట్టండి. ఒకసారి నింపిన తర్వాత జరపడం కుదరదు కాబట్టి, ఖాళీ తొట్టిని అనుకున్న చోట నాలుగు రోజులు ఉంచి ఎండ సరిపోతుందో లేదో చూసుకోండి.

కొత్త సిమెంటు గోలెం కొంటే వెంటనే మొక్క పెట్టవద్దు. సిమెంటు నుంచి సున్నపు గుణం నీటిలోకి దిగి వేళ్లను, చేపలను దెబ్బతీస్తుంది. నిండా నీళ్లు పోసి, రెండు మూడు రోజులకు ఒకసారి పారబోసి మళ్లీ నింపుతూ రెండు మూడు వారాలు నాననివ్వండి.

మట్టి విషయంలో కుండీ మొక్కల అలవాట్లన్నీ పక్కన పెట్టాలి. కొబ్బరి పొట్టు, వర్మీకంపోస్టు, ఆకు ఎరువు కలిపిన తేలికపాటి మిశ్రమం వేస్తే నీళ్లు పోయగానే సగం పైకి తేలుతుంది, మిగిలింది కుళ్లుతుంది. తామరకు కావలసింది జిగట మట్టి. చెరువు మట్టి దొరికితే అంతకంటే మంచిది లేదు. నల్లరేగడి కూడా బాగుంటుంది. అడుగున రెండు గుప్పెళ్లు బాగా చివికిన పశువుల ఎరువు, దాని మీద నాలుగైదు అంగుళాల మందాన రాళ్లు ఏరిన మట్టి వేసి, నీళ్లు చల్లి బురదలా మెదపండి. పచ్చి పేడ వేస్తే నీటి అడుగున పులిసి దుంపను కుళ్లబెడుతుంది.

గింజ నుంచా, దుంప నుంచా?

పువ్వు త్వరగా చూడాలంటే దుంప. ఓపిక ఉండి, మొలకెత్తడంలోని వింత చూడాలంటే గింజ. పిల్లలున్న ఇంట్లో గింజతోనే మొదలుపెట్టమంటాను.

పూజా సామగ్రి దుకాణాల్లో నల్లని తామర గింజలు దొరుకుతాయి. మాలగా గుచ్చినవి వద్దు, వాటికి చిల్లు వేసేటప్పుడే లోపలి మొలక దెబ్బతింటుంది. విడి గింజలు తీసుకోండి. వేయించి తినే ఫూల్ మఖానాను చాలామంది తామర గింజలే అంటారు. అది తామర కాదు, ఆకుల నిండా ముళ్లుండే వేరొక నీటి మొక్క గింజ. బీహార్‌లో ఎక్కువగా పండిస్తారు.

గింజ పై పెంకు రాయిలా గట్టిది. నీరు లోపలికి వెళ్లదు కాబట్టే తామర గింజ ఏళ్ల తరబడి నిద్రపోగలదు. చైనాలోని లియావోనింగ్ ప్రాంతంలో ఎండిపోయిన సరస్సు అడుగున దొరికిన దాదాపు 1300 ఏళ్ల నాటి గింజను శాస్త్రవేత్తలు మొలకెత్తించారు. మీ గింజ నిద్ర లేవాలన్నా ఆ పెంకుకు దారి తీయాలి. గరుకు కాగితం మీద గానీ గరుకు గచ్చు మీద గానీ ఒకవైపు రుద్దండి. నల్లని పెంకు అరిగి లోపలి లేత రంగు కనిపించగానే ఆపేయండి, పప్పును గాయపరచవద్దు. గాజు గ్లాసులో శుభ్రమైన నీళ్లు పోసి, అందులో వేసి ఎండ తగిలే కిటికీలో పెట్టండి. ఒకటి రెండు రోజుల్లో గింజ ఉబ్బుతుంది. ఉబ్బకపోతే పెంకు ఇంకా తెగలేదన్నమాట, మళ్లీ రుద్దండి. నీళ్లు రోజూ మార్చండి. వెచ్చటి రోజుల్లో వారం లోపల పెంకు చీల్చుకుని పచ్చని కొన వంకీలా బయటికి వస్తుంది. ఆ కొన చుట్ట విప్పుకుని చిన్న నాణెమంత ఆకు అవుతుంది. నాలుగైదు ఆకులు, తెల్లని వేళ్లు వచ్చాక తొట్టిలోని మట్టిలో గుచ్చండి. మొలక తేలిపోతుంటే పక్కన చిన్న గులకరాయి బరువు పెట్టండి.

దుంప కొనేటప్పుడు చూడవలసింది ఒక్కటే: కొన విరగకుండా ఉందా? కనీసం రెండు గణుపులు ఉండి, సూదిలాంటి లేత కొన చెక్కుచెదరకుండా ఉన్న దుంప మాత్రమే తీసుకోండి. తడి గుడ్డలో చుట్టి జాగ్రత్తగా తెచ్చుకోండి. తూర్పు గోదావరి జిల్లా కడియం, కడియపులంక నర్సరీల్లో నీటి మొక్కలు కూడా అమ్ముతారు, అటు వెళ్లే పని పడితే సంక్రాంతి తరువాత వెళ్లండి. ఫిబ్రవరి మధ్య నుంచి ఉగాది దాకా నాటడానికి అన్నిటికంటే మంచి సమయం. ఎండ ముదిరే కొద్దీ మొక్క ఎదుగుతుంది.

నాటే పద్ధతి ఇది:

1. బురద మట్టిలో తొట్టి గోడకు ఆనుకుని చిన్న కాలువలా తీయండి.
2. దుంపను అందులో అడ్డంగా పడుకోబెట్టండి. లేత కొన తొట్టి నడిమి వైపు చూడాలి.
3. దుంప మీద అంగుళం మందాన మట్టి కప్పండి. కొనను మాత్రం మట్టి పైకి ఉంచండి.
4. దుంప పైకి లేవకుండా మీద చదునైన రాయి పెట్టండి.
5. మట్టి మీద అరచెయ్యి ఆనించి, ఆ చేతి మీదుగా మెల్లగా నీళ్లు పోయండి. మొదట రెండు మూడు అంగుళాల నీరు చాలు. ఆకులు పెరిగే కొద్దీ పెంచుతూ పోండి.

మొదట నీటి మీద చిన్న ఆకులు తేలుతాయి. ఆ తరువాత కొంచెం పెద్దవి. మూడో విడతగా ఆకు నీటిని వదిలి గొడుగులా నిలబడుతుంది. అది వచ్చిన రోజు పండుగ చేసుకోవచ్చు, మొగ్గ దారిలో ఉన్నట్టే. అప్పుడు కింది చిన్న ఆకులు పసుపెక్కి పోతాయి, కంగారు పడకండి. ఎండిన ఆకును తీసేటప్పుడు తూడును నీటి పైనే కోయండి. తామర తూడు లోపల బోలుగా ఉంటుంది. అడుగున బురదలో ఉన్న దుంపకు గాలి ఆ గొట్టాల గుండానే వెళుతుంది. నీటి అడుగున కోస్తే గాలికి బదులు నీరు దిగి దుంప కుళ్లిపోవచ్చు.

ఆకు నిలబడేదాకా ఏ ఎరువూ వేయకండి. ఆ తరువాత నెలకొకసారి చిన్న చెంచాడు డీఏపీ రసాయన ఎరువును పాత వార్తాపత్రిక ముక్కలో పొట్లం కట్టి, దుంపకు దూరంగా, తొట్టి అంచున మట్టిలో లోతుగా దిగవేయండి. పొట్లం పైకి తేలి నీటిలో కరిగితే నాచు పడుతుంది, చేపలు చచ్చిపోతాయి.

దోమల మాట

నీటి తొట్టి అనగానే ఇంట్లో పెద్దలు ముందు అడిగేది ఇదే, అడగవలసినదీ ఇదే. డెంగీని మోసే దోమ మురుగులో కాదు, నిలకడగా ఉన్న మంచినీటిలోనే గుడ్లు పెడుతుంది. గుడ్డు నుంచి దోమ ఎగిరేదాకా వారం పది రోజులు చాలు. కాబట్టి తొట్టి నింపిన వారంలోపే నాలుగైదు గప్పీ చేపలను వదలండి. అవి దోమ పిల్లలను ఒక్కటి మిగల్చకుండా తింటాయి. కుళాయి నీటిలో క్లోరిన్ ఉంటే బకెట్టులో ఒక రోజు ఉంచి పోయండి. గప్పీలు బాగా పిల్లలు పెడతాయి. ఎక్కువైతే మొక్కలు పెంచే మిత్రులకు ఇవ్వండి. చెరువుల్లో, వాగుల్లో మాత్రం వదలకండి, అవి మన నీళ్లలో పుట్టినవి కావు, అక్కడి చిన్న చేపలకు పోటీ అవుతాయి. చేపలున్న తొట్టి దగ్గర పురుగు మందు ఏదీ చల్లకూడదు. ఆకులకు పేనుబంక పడితే నీళ్లు జోరుగా కొట్టి కడిగేస్తే చాలు.

నీరు పచ్చగా మారడం మొదటి నెలల్లో మామూలే. ఆకులు నీటి పైభాగాన్ని సగానికి పైగా కప్పేసరికి ఎండ లోపలికి చొరబడక నాచు తగ్గిపోతుంది. నీరంతా మార్చేస్తే మళ్లీ మొదటికి వస్తుంది. మే నెలలో మాత్రం రోజూ తగ్గినంత నీటిని పొద్దున్నే పోయండి.

ఇంట్లో తప్పటడుగులు వేసే పిల్లలుంటే ఒక్క మాట. అడుగు లోతు నీరు కూడా పసిపిల్లలకు ప్రమాదమే. నీటి మట్టానికి కొంచెం పైన గట్టి ఇనుప వల బిగించండి, ఆకులు దాని సందుల్లోంచి పైకి వస్తాయి. వల బిగించడం కుదరకపోతే పిల్లలు ఎదిగేదాకా ఆగండి. తామర ఎక్కడికీ పోదు.

ఏడాది తిరిగేసరికి తొట్టి నిండా దుంపలు అల్లుకుపోతాయి. జనవరి చివర, ఫిబ్రవరిలో తొట్టి ఖాళీ చేసి, కొన బాగున్న ఒకటి రెండు దుంపలను మళ్లీ నాటండి. మిగిలినవి పంచిపెట్టండి, లేదా కూర వండుకోండి.

పందిరి

పందిరి వేయాలనుకునేవాళ్లు ముందు ఇంటి పడమటి గోడ దగ్గర నిలబడి ఒక సాయంత్రం చూడండి. ఏప్రిల్‌లో ఆ గోడ రాత్రి తొమ్మిదింటికి కూడా సెగ కక్కుతుంది. పందిరి అక్కడే వేయాలి. పూలకు పూలు, గోడకు నీడ.

పది అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు పందిరికి ఆరు గుంజలు కావాలి. వెదురు చవక, కానీ నేలలో ఉన్న భాగం రెండు మూడేళ్లకు చివుకుతుంది. తారు పూసి పాతితే ఇంకొంత కాలం ఆగుతుంది. కంచెలకు వాడే రాతి కడీలు దొరికే ఊళ్లో ఉంటే అవే తీసుకోండి. ఒకసారి పాతితే మీ పిల్లల కాలానికీ ఉంటాయి. లేదంటే జీఐ (జింకు పూత పూసిన ఇనుప) పైపులు. గుంజ పదడుగులు ఉంటే రెండడుగులు నేలలోకి పోవాలి, ఎనిమిది అడుగులు పైన మిగలాలి. పూత దశలో తీగలు ఒక అడుగు కిందికి వేలాడతాయి కాబట్టి ఎత్తు తగ్గిస్తే తల వంచుకుని నడవాలి. పైన అడుగు అడుగుకు జీఐ తీగ నిలువుగా, అడ్డంగా లాగి కట్టండి.

ఏ తీగ? ఇక్కడే చాలామంది పొరపడతారు. మనం మల్లె పందిరి అని అలవాటుగా అంటాం గానీ గుండుమల్లె నిజానికి పొద మొక్క. దాన్ని పొదగా పెంచి ఏటా కత్తిరిస్తేనే విరగబూస్తుంది. పందిరికి సన్నజాజి, విరజాజి, రాధామనోహరం సరిపోతాయి. రాధామనోహరం త్వరగా కమ్ముతుంది. సాయంత్రం తెల్లగా విచ్చి, మరునాటికి గులాబీ రంగుకు, ఆపైన ఎరుపుకు తిరుగుతుంది. ఒకే గుత్తిలో మూడు రంగులు. కానీ అది బలమైన తీగ, బరువైనది. వెదురు పందిరి దాన్ని మోయలేదు.

తీగను గుంజకు అడుగు దూరంలో, పందిరి బయటి అంచున నాటండి. ఒక్క కాండాన్ని మాత్రమే పైకి పోనిచ్చి, పక్కన వచ్చే కొమ్మలను గిల్లేస్తూ ఉండండి. పందిరి పైకి చేరగానే కొనను తుంచేయండి. అక్కడి నుంచి నలువైపులా చీలుతుంది. ఈ తుంచడానికి మనసు ఒప్పక వదిలేసినవాళ్ల పందిళ్లు ఒక మూల గుబురుగా, మిగతా అంతా బోసిగా ఉంటాయి.

జాజి పందిరి నిండడానికి రెండేళ్లు పడుతుంది. ఆ రెండేళ్లు పందిరిని ఖాళీగా ఉంచనక్కరలేదు. ఎదురు మూల బీర, సొర, కాకర పాకించండి. చిక్కుడు వేయాలనుకుంటే జూలై, ఆగస్టులో వేయండి. పందిరి చిక్కుడు నాటు రకాలు పగలు పొట్టిగా ఉండే రోజుల్లోనే పూస్తాయి. వేసవిలో విత్తితే నెలల తరబడి ఆకులు తప్ప కాయ కనిపించదు, అది విత్తనం తప్పు కాదు. కూరగాయ తీగ జాజి మీదికి ఎక్కకుండా మాత్రం కనిపెట్టుకుని ఉండండి.

కోస్తాలో ఉన్నవాళ్లు సెప్టెంబరులోనే తీగను బాగా పలుచన చేయాలి. అక్టోబరు, నవంబరు తుఫాను గాలికి గుబురు పందిరి తెరచాపలా నిలబడి గుంజలతో సహా ఒరుగుతుంది.

గుండుమల్లెను పందిరి పక్కనే నేల మీద రెండు మూడు పాదులుగా పెట్టుకోండి. డిసెంబరులో రెండు మూడు వారాలు నీళ్లు ఆపి, ఆ తరువాత మోకాటి ఎత్తుకు కత్తిరించి, ఆకులు దూసేసి, పాదు తవ్వి, చివికిన ఎరువు వేసి నీళ్లు పెట్టండి. విజయవాడ దగ్గరి మైలవరం మల్లె తోటల్లోనైనా మీ పెరట్లోనైనా వేసవి పూతకు మూలం ఈ చలికాలపు కత్తిరింపే. కత్తెర పెట్టని పొద ఆకులతో గుబురుగా ఉంటుంది, మూరెడు దండకు కూడా పూలు చాలవు.

సంపెంగ, పారిజాతం

సంపెంగ కోరుకునేవాళ్లకు ముందే చెప్పాలి: ఇది చెట్టు. అడవిలో తాటిచెట్టును మించి పెరుగుతుంది. ఇంటి గోడకు, ప్రహరీకి కనీసం పదిహేను అడుగుల దూరం ఇవ్వగలిగితేనే నాటండి. గింజ నుంచి వచ్చిన మొక్క పూయడానికి ఏడెనిమిదేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. అంటు మొక్క రెండు మూడేళ్లకే పూస్తుంది, ఎత్తు కూడా అదుపులో ఉంటుంది. అంటు అని చెప్పి మామూలు మొక్క ఇచ్చిన నర్సరీ వల్ల నేను ఆరేళ్లు పోగొట్టుకున్నాను. కాబట్టి కాండం కింది భాగంలో అతికిన మచ్చ ఉందో లేదో మీ కళ్లతో చూసి, వేలితో తడిమి కొనండి. సన్నని సంచిలో నిలువెత్తు పెరిగి అప్పటికే పూస్తున్న మొక్క కంటే పొట్టిగా, లావుపాటి కాండంతో ఉన్నది మేలు.

తొలకరి వానలు పడ్డాక, రెండడుగుల గుంట తీసి, ఎర్రమట్టి, చివికిన ఎరువు కలిపి నాటండి. అంటు అతుకు నేలకు పైనే ఉండాలి. అతుకు కింద నుంచి వచ్చే పిలకలను కనిపించగానే తుంచండి, ఉంచితే అవే చెట్టై మీ అంటును మింగేస్తాయి. నీరు నిలిచే నేలలో సంపెంగ బతకదు. బరువైన నల్లరేగడిలో నాటవలసి వస్తే మట్టిని అడుగున్నర ఎత్తు దిబ్బగా పోసి దాని మీద నాటండి. మొదటి రెండు వేసవులు పడమటి ఎండకు అడ్డంగా తాటాకో తడకో కట్టండి. వడగాలికి లేత ఆకుల అంచులు మాడిపోతాయి. విశాఖపట్నం దగ్గర సింహాచలం కొండ సంపెంగలకు పేరు పొందింది. నీరు నిలవని కొండవాలు, సముద్రం నుంచి వచ్చే తేమగాలి ఆ చెట్టుకు నచ్చుతాయి. అనంతపురంలో, మహబూబ్‌నగర్‌లో ఉన్నవాళ్లు ఆ తేమను పాదులో ఎండుటాకుల మందపాటి పరుపుతో, వేసవిలో వారానికి రెండు తడులతో ఇవ్వాలి.

అంత చోటు లేకపోతే బాధపడకండి, పారిజాతం ఉంది. పది పన్నెండడుగుల చెట్టు, వేరు ఇంటిని ఇబ్బంది పెట్టదు, గింజతోనూ వస్తుంది. బల్లపరుపుగా ఉండే ఎండుకాయలో రెండు గింజలుంటాయి. వానాకాలం మొదట్లో కుండీలో వేసి, జానెడు పెరిగాక నేలలోకి మార్చండి. రెండు మూడేళ్లకు పూత మొదలవుతుంది. చలికాలం చివర ఆకులు రాల్చి మోడులా కనిపిస్తే చచ్చిపోయిందని పీకేయకండి. అప్పుడే కొమ్మలను మూడో వంతు కత్తిరిస్తే వానలకు కొత్త చిగుళ్లు వేసి, ఆ చిగుళ్ల చివరే పూస్తుంది.

దీన్ని పడకగది కిటికీకి దగ్గరగా నాటండి. వానలు వెనకబట్టే వేళ నుంచి డిసెంబరు దాకా రాత్రి ఏడెనిమిది గంటలకు మొగ్గలు విచ్చి, వాసన ఇల్లంతా పరుచుకుంటుంది. తెల్లవారకముందే పూలన్నీ రాలిపోతాయి. నేల రాలినా పూజకు పనికివచ్చే పువ్వు ఇదేనని మన పెద్దలు చెబుతారు. వాటికి మట్టి అంటకూడదనుకుంటే రాత్రి పడుకోబోయే ముందు చెట్టు కింద ఉతికిన పంచె ఒకటి పరిచి, నాలుగు మూలలా రాళ్లు పెట్టండి. పొద్దున సూర్యుడు రాకముందే వెళ్లండి, ఎండ తగిలితే నారింజ రంగు కాడలు వడిలిపోతాయి.